ఆరంగుళాల ఈ-ఇంక్ రీడర్: చానా ఏళ్ళు వాడినాక ఒక తెలుగు పాఠకుడి సమీక్ష

ఈ-ఇంక్ రీడర్లంటే పుస్తకాలు చదివేదానికే ఉండే చిన్న మెషీన్లు, వాటి మీద వచ్చే రివ్యూలు దాదాపు అన్నీ ఇంగ్లీషు పుస్తకాలు చదివేవాళ్ళు రాసినవే. స్క్రీన్ బాగుంది, బ్యాటరీ బాగుంది అంటారు, నిజమే రెండూ బాగానే ఉంటాయి, కానీ మనకి కావాల్సిన జవాబులు వేరే. వత్తులు సరిగ్గా పడతాయా, పాత పుస్తకాల స్కాన్లు చదవొచ్చా, తెలీని మాట మీద వేలు పెడితే అర్థం చెప్తుందా, ఇవి ఎవరూ రాయరు. నేను నాలుగైదేళ్ళుగా ఒకే ఆరంగుళాల రీడర్ వాడతా ఉన్నా, చదివేది ముప్పావు వంతు తెలుగే, అందుకే తెలుగు చదివేవాళ్ళ కోసమే ఇది రాస్తున్నా.

ముందు చెప్పేస్తా, మీరు కొత్తగా టైప్ చేసిన తెలుగు టెక్స్ట్ చదివేవాళ్ళయితే ఆరంగుళాలు చాలు, హాయిగా ఉంటుంది. పాత పుస్తకాల స్కాన్లే ఎక్కువ చదువుతాం అంటే మాత్రం ఆరంగుళాలది కొనద్దు, ఏడున్నర ఎనిమిది అంగుళాల పైన ఉండేది చూడండి. ఎందుకో కింద రాస్తా.

నేను ఉండేది తిరుపతి, పని చిత్తూరులో. బస్సెక్కితే చంద్రగిరి దాటి పూతలపట్టు మీదుగా పోయేదానికి గంటన్నర పైనే పడుతుంది, రానూపోనూ కలిపితే రోజుకి మూడు గంటలు, అదంతా నాకు చదువుకునే టైమే. ఫోన్లో చదివితే కదిలే బస్సులో కళ్ళు లాగుతాయి, పేజీ మధ్యలో ఒక మెసేజ్ వచ్చిందంటే ఇంక అంతే, మళ్ళీ పుస్తకంలోకి వచ్చేది ఇల్లు చేరినాకే. ఈ-ఇంక్‌లో ఆ గోల లేదు. దాని స్క్రీన్ లోపల కంటికి ఆనని చిన్న చిన్న గుళికలు ఉంటాయి, వాటిలో నల్ల రేణువులు, తెల్ల రేణువులు, కరెంటు ఇచ్చేదాన్ని బట్టి ఏదో ఒకటి పైకి తేలుతుంది, తేలినాక కరెంటు ఆపేసినా అట్లే ఉండిపోతుంది. అందుకే పేజీ తిప్పేటప్పుడే బ్యాటరీ ఖర్చయ్యేది, లైట్ తక్కువ పెట్టుకుంటే వారాల తరబడి వస్తుంది. మే నెల తిరుపతి ఎండలో కిటికీ పక్క సీట్లో కూర్చుని ఫోన్ తీస్తే ఏమీ కనపడదు, దీంట్లో ఎండ పడేకొద్దీ అక్షరం ఇంకా తేటగా అవుతుంది. ఒక్క ఈ కారణానికే కొనొచ్చు అంటా నేను.

ఇంక తెలుగు సంగతి. మెషీన్‌తో వచ్చిన సాఫ్ట్‌వేర్‌లో తెలుగు కనపడింది గానీ ఫాంటు సన్నగా, చూసేదానికి ఇబ్బందిగా ఉండేది. నేను కోరీడర్ అనే ఉచిత ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ ఎక్కించుకున్నా, అందులో మనకి ఇష్టమొచ్చిన ఫాంటు వేసుకోవచ్చు. మండలి, సూరన్న, ఎన్టీఆర్, రామభద్ర లాంటి తెలుగు ఫాంట్లు ఉచితంగానే దొరుకుతాయి. రామభద్ర హెడ్డింగులకి బాగుంటుంది, పేజీలకు పేజీలు చదివేదానికి కాదు. రకరకాలు చూసి చివరికి మండలి దగ్గిర ఆగినా. ఈ-ఇంక్ మీద సన్న గీతలు వెలిసిపోయినట్టు కనపడతాయి, మండలి గీత ఒకే మందంలో పోతుంది కాబట్టి బస్సు కుదుపులో కూడా అక్షరం పట్టుకోవచ్చు.

రెండు సెట్టింగులు తెలుగువాళ్ళు తప్పకుండా మార్చుకోవాలి, ఇవి ఎక్కడా చదివింది కాదు, వాడతా వాడతా తెలిసింది. ఒకటి, లైన్ల మధ్య ఖాళీ పెంచాలి. ఇంగ్లీషుకి సరిపోయే ఖాళీ మనకి చాలదు, పైన గుడులు కింద వత్తులు, "స్త్రీ" లాంటి అక్షరం వస్తే కింది లైను గుడికి తగులుకుంటుంది. రెండోది, రెండు పక్కలా సమంగా సర్దే అలైన్‌మెంట్ తీసేసి ఎడమవైపుకి మాత్రమే పెట్టుకోవాలి. మన మాటలు పొడుగు, విభక్తులు కలుపుకుని సంధి కలుపుకుని ఒక్కో మాటే సగం లైను ఉంటుంది, మాటని ఎక్కడ విరిచి కింది లైనుకి పంపాలో నా రీడర్‌కి తెలీదు, అప్పుడు మొత్తం మాట కిందికి నెట్టేసి పై లైన్లో మిగిలిన నాలుగు మాటల మధ్య పెద్ద పెద్ద గుంటలు వదుల్తుంది. ఎడమకి పెట్టుకుంటే కుడి అంచు ఎగుడుదిగుడుగా ఉంటుంది గానీ చదువు సాఫీగా పోతుంది.

డిక్షనరీ మాత్రం తెలుగుకి పనిచెయ్యదు అనే అనుకోండి. ఇంగ్లీషు మాట మీద వేలు పెడితే అర్థం టక్కున వస్తుంది. తెలుగులో "వాకిటిలోనికి" మీద వేలు పెడితే దానికి "వాకిలి" అని తెలీదు, నిఘంటువులో ఉండేది వాకిలే కదా. నేను అర్థం కావాల్సిన మాటల్ని గుర్తు పెట్టుకుని తర్వాత ఫోన్లో ఆంధ్రభారతి అనే సైట్‌లో వెతుక్కుంటా, బ్రౌన్ నిఘంటువుతో సహా చానా నిఘంటువులు ఒక్కచోటే ఉంటాయి.

పుస్తకాలు యాడ దొరుకుతాయి అంటే, తెలుగు వికీసోర్స్ నుంచి ఈపబ్ (అక్షరం సైజు మార్చుకోగలిగే పుస్తకం ఫైలు) దించుకోవచ్చు, వాలంటీర్లు కూర్చుని టైప్ చేసి ప్రూఫ్ చూసిన పుస్తకాలు, వాళ్ళకి ఎన్ని దండాలు పెట్టినా తక్కువే. మన దేశంలో రచయిత పోయిన 60 ఏళ్ళ దాకా కాపీరైట్ ఉంటుంది కాబట్టి అక్కడ ఉండేవి ఎక్కువగా పాతవే, నాకు పాతవే ఇష్టం. మిగతావి ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా వాళ్ళు స్కాన్ చేసిన పీడీఎఫ్‌లు. అక్కడ వేల తెలుగు పుస్తకాలు ఉన్నాయి, ఇప్పుడు ఏ షాపులోనూ దొరకనివి, కానీ పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లో ఎవరికి తోచినట్టు వాళ్ళు రాసినవి, ఒక పుస్తకం కోసం నాలుగు రకాల స్పెల్లింగుల్తో వెతకాల్సి వస్తుంది.

ఆరంగుళాల స్క్రీన్ చిన్నదయ్యేది ఇక్కడే. స్కాన్ అంటే ఫోటో, అక్షరం సైజు పెంచితే లైను పేజీ బయటికి పోతుంది. మామూలు తెలుగు పుస్తకం పేజీ వెడల్పు పద్నాలుగు సెంటీమీటర్లు, ఈ స్క్రీన్ వెడల్పు తొమ్మిది. అంచులు కత్తిరించుకోవచ్చు, అడ్డంగా తిప్పి సగం సగం పేజీ చదవొచ్చు, నేను అట్లే చదువుతా, ఆ పద్ధతిలో మంచి పుస్తకాలే పూర్తి చేసినా. కానీ వంకరగా పడిన పేజీలు, నల్లటి అంచులు, అవతలి పక్క సిరా ఇవతలికి కనపడే పాత కాగితం, ఇవన్నీ వస్తే గంట చదివేసరికి కళ్ళు అలిసిపోతాయి. ఫైలు పెద్దదయితే పేజీ తిరిగేదానికి కూడా టైం తీసుకుంటుంది.

ఇంత చెప్పినాక కూడా ఈ వస్తువు నాకు ఇంత ఇష్టం ఎందుకంటే, దీనివల్ల నా పాటలు వినే పద్ధతే మారిపోయింది. తిరుపతిలో పెరిగినవాళ్ళకి అన్నమయ్య పాటలు చిన్నప్పటి నుంచి చెవిలో పడతానే ఉంటాయి, గుళ్ళో, బస్టాండులో, పక్కింటి టీవీలో. అట్లా పడీ పడీ మాట వినపడటం మానేస్తుంది, రాగం ఒక్కటే మిగులుతుంది. టీటీడీ వాళ్ళ ఈ-బుక్స్ సైట్‌లో సంకీర్తనల సంపుటాలు ఉచితంగానే ఉన్నాయి. అవి దించుకుని, రాత్రి పూట ఫోన్లో పాట పెట్టుకుని, రీడర్‌లో సాహిత్యం ముందు పెట్టుకుని వినేది మొదలుపెట్టినా. పల్లవి, మూడు చరణాలు, చదవతా వింటే వేరే పాట విన్నట్టే ఉంది.

అన్నమయ్య 32 వేల సంకీర్తనలు రాసినాడని చెప్తారు, దొరికినవి 12 వేల పైచిలుకు, మనం కచేరీల్లో, క్యాసెట్లలో విన్నది అందులో ఏ మూలకి. పైగా ఆయన పాటలు చెక్కిన రాగిరేకుల మీద పాటకి రాగం పేరు ఉంటుంది గానీ స్వరం ఉండదు. అంటే ఈ రోజు మనం వినే వరసలన్నీ దాదాపుగా రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ గారు, నేదునూరి కృష్ణమూర్తి గారు, గరిమెళ్ళ బాలకృష్ణప్రసాద్ గారు లాంటి పెద్దవాళ్ళు మన కాలంలో కట్టినవే. ఇది తెలిసినాక నాకు ఒక అలవాటైంది, రేకు మీద సామంతం అనో ముఖారి అనో ఉండే పాటని ఇప్పుడు ఏ రాగంలో పాడతా ఉన్నారో చూసుకోవడం. చానాసార్లు రాగం వేరేగా ఉంటుంది, అది తప్పని నేను అనను, అయిదొందల ఏళ్ళ నాటి మాటకి మన కాలం వాళ్ళు గొంతు ఇచ్చినారు, అంతకన్నా ఏం కావాలి.

ఆధ్యాత్మ సంకీర్తనలే ముందు చదివినా, ఇప్పుడు శృంగార సంకీర్తనల్లో ఉన్నా, వాటిలో మాటతీరు చూస్తే మా అవ్వ, మా అత్తలు వాకిట్లో కూర్చుని ఒకరినొకరు దెప్పుకునే మాటల్లాగే ఉంటాయి. దేవుడి మీద పాట అని భయంగా పక్కన పెట్టేవాళ్ళు ఒక్కసారి వరసగా పది చదివి చూడండి. ఈ సంపుటాలు మాత్రం నేను అడ్డంగా తిప్పే చదువుతా, చరణం చిన్నది కాబట్టి సగం పేజీలో పట్టేస్తుంది, ఆరంగుళాల్లో హాయిగా చదువుకునే పీడీఎఫ్ నాకు ఇదొక్కటే.

కథల పుస్తకాలు, అందులోనూ మన చిత్తూరు యాసలో రాసినవి, నేను కాగితంలోనే కొంటా. ఒక కారణం అవి ఈపబ్‌గా నాకు ఎక్కువ దొరకలేదు. ఇంకో కారణం మా అవ్వ. ఆమెకి కళ్ళు ఆనవు, సాయంత్రం పూట కథ చదివి వినిపించమంటుంది. ఒకసారి రీడర్ తీసి మొదలుపెడితే "ఆ డబ్బాలోది వద్దులే నాయినా, పుస్తకం తీసి సదువు" అనింది. కథ అయినాక ఆ పుస్తకం చేతిలోకి తీసుకుని అట్ట తడిమి, ఇంకా ఎంత ఉందో వేలితో మందం చూసుకుంటుంది, రేపటికి ఉందా లేదా అని. రీడర్‌లో ఇంత శాతం అయిందని అంకె చూపిస్తుంది, అది ఆమెకి పనికిరాదు. పుస్తకమైతే నేను చదివినాక మా బావకి ఇస్తా, బావ వాళ్ళ ఆఫీసులో ఇంకొకరికి ఇస్తాడు, అది పలమనేరు దాకా పోయి వచ్చిన రోజులున్నాయి. రీడర్‌ని అట్లా ఇయ్యలేం.

మెషీన్ గట్టితనం గురించి రెండు మాటలు. స్క్రీన్ మీద బరువు పడకూడదు, బ్యాగులో టిఫిన్ బాక్సు పక్కన పెట్టేవాళ్ళు గట్టి అట్ట ఉండే కవరు కొనుక్కోవాలి, అది లేకుండా ఒక్కరోజు కూడా బయటికి తియ్యద్దు. బటన్లు ఉండే మోడల్ దొరికితే అదే తీసుకోండి, బస్సులో ఒక చేత్తో పైన కమ్మీ పట్టుకుని నిలబడినప్పుడు టచ్ కన్నా బటనే సుఖం. స్టోరేజి 8 జీబీ ఉంటే టెక్స్ట్ పుస్తకాలకి ఎక్కువే, స్కాన్లకి 32 ఉంటే మంచిది.

నా దాంట్లో బ్యాటరీ ఇప్పుడు మొదట్లో అంత రావడం లేదు, వారానికి ఒకసారి పెట్టాల్సి వస్తా ఉంది, స్క్రీన్ మాత్రం మొదటి రోజు ఎట్లుందో అట్లే ఉంది. ఇది పూర్తిగా పోయినాక తీసుకునేది పెద్ద సైజుదే, అంతదాకా శృంగార సంపుటాలు దీంట్లోనే అడ్డంగా తిప్పుకుని చదువుతా.