ఆరేళ్ల మోటారు, జానెడు నైలాన్ దారం

మాది అంతర్వేది పల్లిపాలెం. పడవ వెనక తగిలించే ఈ పది హార్స్ పవర్ అవుట్‌బోర్డ్ మోటారు కొని ఆరేళ్లు దాటింది. పెట్రోలు ఎంత తాగుతుంది, బరువెంత అనేవి అందరికీ తెలిసినవే. నేను చెప్పేది ఫ్యాన్ షాఫ్టు, అంటే నీళ్లలో పడవని నెట్టే ఫ్యాన్‌ని తిప్పే కడ్డీ, గురించి మాత్రమే.

మొదటి నాలుగేళ్లు దీన్ని అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ మెచ్చుకుంటూ చెప్పాను. వశిష్ఠ గోదావరి సముద్రంలో కలిసే మా మొగలో వరదలు తీశాక ఇసుక మేట ఎక్కడ లేస్తుందో చెప్పలేం. పోటు తీసే వేళ వస్తూ మూడుసార్లు మేట తగిలించాను. ఒకసారైతే మా బావమరిది తూలి వలల మీద పడ్డాడు. ఒడ్డుకొచ్చి చూస్తే అల్యూమినియం రెక్క కొస వంగింది, అంతే. షాఫ్టు చెక్కుచెదరలేదు. ఫ్యాన్ మధ్యలో ఉండే రబ్బరు బుష్ జారి, ఆ దెబ్బని లోపలికి పోనివ్వలేదు. స్టీలు ఫ్యాన్ వేసుకోమని చాలామంది చెప్పారు. వేసుంటే రెక్క వంగేది కాదు, ఆ దెబ్బంతా షాఫ్టు మీదా గేర్ల మీదా పడేది.

అయిదో ఏడు వేట నిషేధంలో, అంటే ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా ఉండే ఖాళీలో, గేర్ ఆయిల్ మారుద్దామని కింది స్క్రూ విప్పాను. పాలు పోసిన టీ రంగులో కారింది. నా గుండె జారిపోయింది. ఆయిల్లో నీళ్లు కలిశాయన్నమాట.

మెకానిక్ ఫ్యాన్ ఊడదీశాడు. దాని వెనక, వాషరుకీ, నీళ్లు లోపలికి పోకుండా ఆపే సీలుకీ మధ్య, నైలాన్ దారం చుట్టుకుని వేడికి కరిగి గట్టి రింగులా అయిపోయింది. కత్తితో గీకి తీశాం. విప్పి చూస్తే జానెడు కూడా లేదు. ఆకుపచ్చ దారం. మా వలదే. చిరిగిన చోట కోసి నీళ్లలో పడేసిన ముక్కల్లో ఒకటి. సీలు అంచు చీలిపోయింది, లోపలి బేరింగు తుప్పు పట్టింది. "బాబాయ్, ఇక్కడ గోరు పెట్టి చూడు" అన్నాడు. షాఫ్టు మీద సన్నటి గాడి గోటికి తగిలింది. కొత్త సీలు ఒక్కటే వేస్తే ఆ గాడిలోంచి మళ్లీ నీళ్లు దూరతాయట. షాఫ్టు, బేరింగు, సీళ్లు అన్నీ మార్చాల్సి వచ్చింది. సామాను సమయానికి రాలేదు. జూన్ 15న ఊరంతా వేటకి బయల్దేరితే నేను ఒడ్డున ఉండిపోయాను. ఆ బాధ ఇంకా పోలేదు.

ఇంకో మాట కూడా అన్నాడు. షాఫ్టు బాగుంది కదా అని వంగిన రెక్కతోనే ఒక సీజను నడిపాను. ఆ అదురుకి కూడా సీలు, బేరింగు అరిగాయట. నేను మెచ్చుకున్న బుష్ కూడా మూడు దెబ్బల తర్వాత జారడం మొదలుపెట్టింది. మొగలో కెరటం ముందు ఇంజను అరుస్తుంది, పడవ కదలదు. అది చాలా టెన్షన్. అందుకే ఇప్పుడు రెండో ఫ్యాన్, నట్టు, పిన్ను పడవలోనే ఉంటాయి.

ఇప్పుడు పదిహేను రోజులకోసారి, ఇంజను స్టార్టు కాకుండా స్టాప్ స్విచ్ తాడు తీసేసి, ఫ్యాన్ ఊడదీస్తాను. దారం ఉందేమో చూసి, షాఫ్టు పళ్లకి నీళ్లకి కరగని గ్రీజు రాసి, కొత్త పిన్ను వేస్తాను. న్యూట్రల్‌లో పెట్టి, షాఫ్టు కొసకి ఈనెపుల్ల ఆనించి చేత్తో తిప్పుతాను. కొస ఊగితే వంగినట్టే. పావుగంట పని. వల ముక్కలు ఇప్పుడు సంచిలో వేసి ఒడ్డుకి తెస్తున్నాం.

మళ్లీ ఇదే కొంటానా అంటే, పొద్దున వెళ్లి సాయంత్రం వచ్చే నా చిన్న ఫైబర్ పడవకి, మొగ దాటే నా అవసరానికి, కొంటాను. రెండు మూడు రోజులు సముద్రంలో ఉండేవాళ్లకి నేను చెప్పలేను. షాఫ్టు మీకు దగ్గర్లో దొరుకుతుందో లేదో కొనేముందే అడగండి.

మొన్నటి నిషేధంలో తీసిన ఆయిల్ తేనె రంగులోనే వచ్చింది.