రెడీమేడ్ 'సంఘం సెట్': ఫారాలు పనికొస్తాయి, బైలాలు తిరగరాసుకోవాలె

హనుమకొండలోనో కరీంనగర్‌లోనో రిజిస్ట్రేషన్ ఆఫీసు దగ్గరి టైపింగ్ సెంటర్‌కు పోయి 'సంఘం సెట్' అడిగితే ఒక కాగితాల కట్ట చేతిలో పెడతారు. మెమోరాండం (సంఘం పేరు, ఉద్దేశాలు రాసిన కాగితం), బైలాలు (సంఘం నడిచే నియమాలు), కార్యవర్గం పట్టిక, ఇంటి ఓనర్ అంగీకార పత్రం, అఫిడవిట్ అన్నీ అందులోనే. కాలనీ సంఘాలు, కుల సంఘాలు, రిటైరైన ఉద్యోగుల సంఘాలు ఎక్కువగా దీనితోనే నడిపిస్తాయి. ఫారాల వరకు పెట్టిన పైసలు దండగ కావు. బైలాల సంగతే వేరు.

మొదటి పేజీలోనే తప్పు. చాలా సెట్లలో 'సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం, 1860' అని అచ్చయి ఉంటుంది. అది బ్రిటిష్ ఇండియా చట్టం. వరంగల్ అప్పుడు నిజాం ఏలుబడిలో ఉంది. మనకు తర్వాత వచ్చింది 1350 ఫస్లీ (నిజాం కాలపు సంవత్సరాల లెక్క) నాటి పబ్లిక్ సొసైటీల చట్టం. (అప్పట్లో మద్రాసు కింద ఉన్న భద్రాచలం, వెంకటాపురం, వాజేడు వైపు కథ వేరు.) 2001లో వచ్చిన సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం (35వ చట్టం) ఆ రెండింటినీ రద్దు చేసింది, ఇప్పుడు నడుస్తున్నది అదే.

ఏ చట్టం పేరు రాస్తే ఏమైతది అనుకోవద్దు. 1860 చట్టంలో సంఘం ఆస్తి ట్రస్టీల పేరున ఉండాలె, లేదంటే కార్యవర్గానికి చెందినట్టు లెక్క. 2001 చట్టం 18వ సెక్షన్ రిజిస్టరైన సంఘానికే సొంత చట్టబద్ధ అస్తిత్వం ఇచ్చింది. జాగా కొన్నా, కేసు వేసినా సంఘం పేరునే చేయొచ్చు. పాత సెట్‌లోని 'ఆస్తులు అధ్యక్షుని పేరున ఉండును' అనే వాక్యం అట్లనే ఉంచితే, అధ్యక్షుడు మారిన నాడు కమ్యూనిటీ హాల్ కాగితాల దగ్గర, ఇంటి పన్ను పేరు మార్పు దగ్గర లొల్లి మొదలైతది.

ఇంకో వింత షరతు: 'చందా బకాయిలను రెవెన్యూ రికవరీ చట్టం ప్రకారం వసూలు చేయబడును.' 1864 నాటి ఈ మద్రాసు చట్టం తెలంగాణలో ఇప్పటికీ అమల్లో ఉంది నిజమే. కానీ అది శిస్తు బకాయిల కోసం పుట్టింది: డిమాండ్ నోటీసు, సామాన్ల జప్తు, స్థిరాస్తి జప్తు, వేలం. 52వ సెక్షన్ ద్వారా ప్రభుత్వానికి రావాల్సిన ఇతర బాకీలు కూడా దాని కిందికి వస్తాయి. ఆ అధికారం కలెక్టర్ యంత్రాంగానిది. అది సంఘం మీదికి రావొచ్చు గానీ సంఘం చేతికి రాదు. దాని బదులు 'మూడు నెలలకు మించి చందా బాకీ ఉన్నవారికి ఓటు లేదు' అని రాసుకోండి. తమాషా ఏమంటే, 1860 చట్టం 15వ సెక్షన్‌లో ఉన్నది ఈ నియమమే. సెట్ తయారు చేసినవాళ్లు పనికొచ్చే ముక్క వదిలేసి పనికిరానిది ఎత్తుకొచ్చారు.

'సభ్యులకు అప్పులు, లాభాల పంపిణీ' అనే లైన్ కనిపిస్తే కొట్టేయండి. పొదుపు, అప్పుల పని చేయాలంటే 1995 నాటి పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం కింద వేరే రిజిస్ట్రేషన్ కావాలె. చిట్టీలకైతే 1982 చిట్‌ఫండ్ చట్టం ఉంది. సంఘం రద్దయితే మిగిలిన ఆస్తి సభ్యులు పంచుకోరాదు, అదే ఉద్దేశంతో ఉన్న మరో సంఘానికి పోవాలె. ఈ మాట బైలాలో లేకుంటే రేపు ఆదాయపు పన్ను మినహాయింపు అడిగినప్పుడు అడ్డం తగులుతది.

గొడవలు వస్తే ఎటు పోవాలో సెట్‌లో ఉండదు. 2001 చట్టం 23వ సెక్షన్ మధ్యవర్తిత్వం, జిల్లా కోర్టు దారులు చూపింది, ఒక లైన్ చేర్చుకోండి.

సభ్యుల పట్టికలో సరిగ్గా ఏడు గీతలే ఉంటాయి. చట్టం అడిగే కనీసం అదే. ఒకరి సంతకం ఆధార్‌తో కలవకపోయినా లెక్క ఆరుకు పడిపోతది. తొమ్మిది మందితో వేయడం మేలు.

కొనేటప్పుడు ప్రింట్‌తో పాటు వర్డ్ ఫైల్ కూడా అడగండి. ఇవ్వనంటే వేరే షాపు చూసుకోండి, ఎందుకంటే ప్రింట్ మీద కొట్టివేతలతో బైలా సరిచేయడం కుదరదు. ఫైల్ చేతికొచ్చాక ముందుగా వెతకాల్సింది పాత సంఘం పేరు. ఎక్కడో ఒక పేరాలో అది తప్పకుండా మిగిలి ఉంటది.