అండమాన్ ప్యాకేజీ, బెజవాడ నుంచి – 3 స్టార్లు

గవర్నర్‌పేటలో ఓ ట్రావెల్స్ వాళ్ళ దగ్గర బుక్ చేసుకున్నాం, చెన్నై మీదుగా ఫ్లైట్, హోటల్ నీట్‌గానే ఉంది, కూరలు మాత్రం చప్పిడి, గోంగూర పచ్చడి పట్టుకెళ్ళండి. సెల్యులార్ జైల్‌కి గంటే ఇచ్చారు, అక్కడ మండింది నాకు. సెల్ గడియ గోడలో పక్కకి ఓ గూట్లో ఉంటుంది, లోపలున్న మనిషి ఎంత చెయ్యి చాపినా అందదు, అది చూస్తుండగానే పదండి పదండి అని ఒకటే గోల. గైడేమో బ్రిటిష్ వాళ్ళ దగ్గరే ఆగిపోయాడు. 1942 మార్చిలో జపాన్ వాళ్ళు ఆక్రమించుకున్నాక ఇదే జైల్లో మామూలు జనాన్ని గూఢచారులని కుక్కారు కదా, ఆ ఊసే లేదు! డాక్టర్ దివాన్ సింగ్ అని పంజాబీ కవి కూడా, చిత్రహింసలకి 1944 జనవరి 14న పోయారు, అదే నెల 30న 44 మందిని హంఫ్రీగంజ్ తీసుకెళ్ళి కాల్చేశారు. సరిగ్గా నెల ముందే నేతాజీ వచ్చి పోర్ట్ బ్లెయిర్‌లో జెండా ఎగరేశారు, ఏం చెప్తాం. హంఫ్రీగంజ్ స్మారకం లిస్టులో లేదు, అడిగితే "అక్కడేముంది సార్" అన్నారు, సొంత డబ్బుల్తో క్యాబ్ మాట్లాడుకుని వెళ్ళాం. మీరైతే అడ్వాన్స్ కట్టేముందే రాయించుకోండి.