మనం ఇంటికి: ది విచర్ 3 ముగింపుల మీద ఒక తండ్రి సణుగుడు

ది విచర్ 3 అనే ఈ వీడియో గేమ్ 2015లో వచ్చింది. బొమ్మలు ఎంత బాగుంటాయో, మ్యాప్ ఎంత పెద్దదో, గ్వెంట్ అనే పేకాటకి ఎంతమంది బానిసలయ్యారో అందరూ ఎప్పుడో చెప్పేశారు. వాటి జోలికి పోను. ఇన్నేళ్లలో మూడుసార్లు మొదటినుంచి చివరిదాకా ఆడాను కాబట్టి దీని ముగింపు గురించి, అందులోనూ సుఖాంతాన్ని ఇది మన చేతిలో పెట్టే పద్ధతి గురించి మాట్లాడతాను. కథంతా బయటపెట్టేస్తున్నాను. ఆడే ఉద్దేశం ఉంటే ఇక్కడితో ఆపేయండి.

నా కోపం ఒక్కటే. మొదటిసారి 90 గంటలు ఆడి చివరికి పిల్లని పోగొట్టుకున్నాను. చేసిన తప్పేమిటో కూడా తెలియకుండా పోగొట్టుకున్నాను.

పిల్ల అంటే సిరి. రాక్షసుల్ని వేటాడే హీరో గెరాల్ట్ పెంచిన కూతురు. గేమ్‌లో సగం పైగా ఆమెని వెతకడమే సరిపోతుంది. దొరికాక ఆమె బతుకుతుందా లేదా అన్నది ఏ పెద్ద యుద్ధంలోనో తేలుతుందనుకుంటాం. కాదు. ఐదు చిన్న చిన్న సందర్భాల్లో తండ్రిగా మనం ఏం మాట్లాడామన్నదాన్ని బట్టి తేలుతుంది. ఇది పరీక్ష అని ఎక్కడా చెప్పరు. మార్కులు చూపించరు. చివర్లో ఫలితం మాత్రం మొహాన కొడతారు.

నేను 2016లో ఆడాను. మా అమ్మాయికి అప్పుడు ఎనిమిదేళ్లు. అట్ట మీదే 18 అని రాసి ఉన్న గేమ్ కాబట్టి ఇంట్లో అందరూ పడుకున్నాక హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఆడేవాణ్ణి. గెరాల్ట్‌కి గురువు, తండ్రిలాంటివాడు అయిన వెసెమిర్ చనిపోతాడు. సిరి కుంగిపోయి, తన శక్తి తన చెప్పుచేతల్లో ఉండట్లేదని దిగులుగా కూర్చుంటుంది. తెర మీద రెండు మాటలు. ఒకటి, ఏం చేస్తే నీ మనసు బాగుపడుతుందో నాకు తెలుసు అని. రెండోది, అన్నిట్లోనూ నువ్వే గొప్పగా ఉండాలని లేదు, స్థిమితపడు అని. నేను రెండోది నొక్కాను. లెక్కల్లో మార్కులు తగ్గితే మా అమ్మాయితో నేననే మాటే అది: ‘పోనీలే తల్లీ, అన్నీ నీకే రావాలా?’ తండ్రీకూతుళ్లు కూర్చుని మందు తాగారు. ముచ్చటగానే అనిపించింది. మొదటిది నొక్కుంటే ఇద్దరూ మంచు ఉండలతో కొట్టుకునేవాళ్లట.

తర్వాత నోవిగ్రాడ్ అనే నగరంలో మంత్రగత్తెల సంఘం సిరితో మాట్లాడాలంటుంది. ఒక్కదాన్నే పంపాలా, వెంట వెళ్లాలా? ఇదేం ప్రశ్న? ఎంసెట్ సర్టిఫికెట్ వెరిఫికేషన్‌కి పిల్లతోపాటు అమ్మ, నాన్న, ఒక్కోసారి మేనమామ కూడా బయల్దేరే ఇళ్లు మనవి. వెంట వెళ్లాను. ఆ తర్వాత, సిరికి గురువునని చెప్పుకునే అవల్లాక్ అనే ఎల్ఫ్ ప్రయోగశాలకి వెళ్తారు. అతను తనని లోపల ఎంత చులకనగా చూస్తాడో అక్కడే ఆమెకి తెలుస్తుంది. ఒళ్లు మండిపోతుంది. పగలగొట్టు అనొచ్చు, శాంతించు అనొచ్చు. పరాయివాళ్ల సామాను పగలగొట్టమని ఏ తండ్రి చెప్తాడు? శాంతించమన్నాను.

ఒక్కటి మాత్రం సరిగ్గా చేశాను. సిరిని కాపాడబోయి, పిరికివాడని పేరు తెచ్చుకుని చచ్చిపోయిన స్క్యాల్ అనే కుర్రాడు ఉంటాడు. అతని సమాధి చూసొస్తానంటే సరే, నేనూ వస్తానన్నాను. అంతకు ముందు మేం ఆ కుర్రాడి శవాన్ని మంత్రంతో లేపి నానా మాటలు అడిగించి ఉన్నాం. ఆ సిగ్గుతో వెళ్లాను, ఏ మార్కుల కోసమో కాదు. ఇక ఐదోది ఆమె కన్నతండ్రి, చక్రవర్తి దగ్గరికి తీసుకెళ్లినప్పుడు వచ్చేది. నేను తీసుకెళ్లలేదు, అది నాకు ఎదురుకాలేదు. ఒకటి ఒప్పు, మూడు తప్పులు.

చివర్లో లోకాన్ని గడ్డకట్టించే మహా చలిని ఆపడానికి సిరి ఒక్కతే లోపలికి వెళ్తుంది. వెళ్లేముందు ఆ నాలుగు సందర్భాలూ గబగబా కళ్లముందు తిరిగాయి. మందు గ్లాసు, సభలో ఆమె పక్కన అడ్డంగా నిలబడ్డ నేను, శాంతించు అంటున్న నేను. అప్పుడు అర్థమైంది. తర్వాతి దృశ్యంలో గెరాల్ట్ ఒక బురదనేల ఊళ్లో, మిగిలిపోయిన చివరి ముసలి మంత్రగత్తెని చంపి, ఆమె ఎత్తుకుపోయిన వెసెమిర్ పతకం తీసుకుంటాడు. గుడిసెలో కూలబడతాడు. బయట రాక్షసులు మూగుతున్నా లేవడు. సిరి చచ్చిపోయిందని ఒక్కరూ నోరు తెరిచి చెప్పరు. రాత్రి రెండయింది. హెడ్‌ఫోన్స్ తీసేసి పక్కగదిలోకి వెళ్లి మా అమ్మాయి దుప్పటి సర్దొచ్చాను. వెనక్కి వెళ్లి దిద్దుకుందామంటే ఆటని మధ్యమధ్యలో దాచుకునే పాత సేవ్ ఫైళ్లు ఉంచుకోలేదు. ఏడాది దాకా గేమ్ ముట్టలేదు.

ముట్టుకున్నది ‘బ్లడ్ అండ్ వైన్’ అనే రెండో కొనసాగింపు కోసం, అంటే ఇదే గేమ్‌కి కలిపే అదనపు కథ కోసం. అది 2016 మేలో వచ్చింది, నేను మరుసటేడు డిస్కౌంట్‌లో కొన్నాను. అదే పాత సేవ్, అదే పిల్ల పోయిన గెరాల్ట్. టూసాంట్ అనే ద్రాక్షతోటల దేశానికి పిలిచి, పని ఒప్పుకున్నందుకు కోర్వో బియాంకో అనే తోటా, అందులో పాత ఇల్లూ ఇస్తారు. ఇల్లు! 90 గంటలు సత్రాల్లో, గుహల్లో పడుకున్నవాడికి ఇల్లు. బర్నబాస్-బాసిల్ అని ఒక గుమస్తా ఉంటాడు. అతి మర్యాదస్తుడు. డబ్బు ఇస్తూ పోతే గోడలు, పశువుల కొట్టం, పెరట్లో మందుమొక్కలు, అతిథుల గది ఒక్కొక్కటీ బాగుచేయిస్తాడు. మంచం కూడా మారుస్తాడు, దాని మీద పడుకుని లేస్తే ఒంట్లో బలం పెరుగుతుంది. గోడలకి బొమ్మలు తగిలించుకోవచ్చు. దెయ్యాల్ని వేటాడే గేమ్‌లో నేను మూడు రాత్రులు పటాలు ఎక్కడ పెట్టాలా అని తంటాలు పడ్డానంటే నమ్మండి.

ఆ ఇంటికి వంటమనిషి వచ్చిన సంగతి చెప్పి తీరాలి. పాడుపడ్డ ఒక బంగళాలో చెంచాలు పోగేసుకుని తిరిగే పిశాచం ఉంటుంది. మనకి కావాల్సింది దాని లాలాజలం, చంపితే సరిపోతుంది. అయితే బీరువాలో దాక్కుని గమనిస్తే అది ఒంటరిగా వంట చేసుకుంటూ, ఎంత తిన్నా ఆకలి తీరక అల్లాడుతూ కనిపిస్తుంది. ఒకప్పుడు గొప్పింటి ఆడపిల్ల. గుమ్మంలోకి వచ్చిన ముష్టివాడికి పిడికెడు పెట్టలేదని శాపం తగిలింది: నీ చెంచాలేవీ నీ ఆకలి తీర్చవు, నీతో ఎవరూ కూర్చుని తినరు అని. విరుగుడు ఏమిటంటే ఆమెతో కలిసి బల్ల దగ్గర కూర్చుని, చెంచా ముట్టకుండా భోంచేయడం. అంతే. ఎవరో ఒకరు పక్కన కూర్చుని తిన్నారు, శాపం పోయింది. ఆ మార్లీన్ ముసలమ్మ మన ఇంట్లో వంటకి చేరుతుంది. గుమ్మంలోకొచ్చినవాణ్ణి ఉత్తచేతులతో పంపకూడదని మా నాయనమ్మ ఎన్నిసార్లు చెప్పిందో. వార్సాలో కూర్చుని గేమ్ చేసినవాళ్లకి ఈ సంగతి ఎలా తెలిసిందా అనుకున్నాను.

చివర్లో గెరాల్ట్, అతని పాత స్నేహితుడు రీజిస్ నెగడు దగ్గర కూర్చుంటారు. ఇక కాస్త విశ్రాంతి తీసుకోవచ్చు అన్న మాట వస్తుంది. గెరాల్ట్ తిరిగి తెరలోంచి సూటిగా మనవైపే చూసి, చిన్నగా నవ్వుతాడు. కథ కంచికి, మనం ఇంటికి అని చిన్నప్పుడు వింటే ఇంత హాయిగా ఎందుకుండేదో ఆ నవ్వు చూశాక తెలిసింది. అప్పట్లో ఫ్రెండ్స్ అందరికీ ఫోన్ చేసి, గేముల్లో ఇంతకన్నా మంచి ముగింపు లేదు అని చెప్పాను.

ఇప్పుడైతే అంత గట్టిగా చెప్పను. ఆ నవ్వు తర్వాత కూడా గేమ్ నడుస్తూనే ఉంటుంది కదా. ఇల్లు మొత్తం బాగుచేయించాక చేయడానికి ఏమీ ఉండదు. బర్నబాస్-బాసిల్ అవే మాటలు మళ్లీ మళ్లీ అంటాడు. అతిథుల గదికి డబ్బు కట్టేటప్పుడు ఎవరొస్తారులే అనుకుంటూనే కట్టాను. ఆ సేవ్‌లో ప్రేమా లేదు, పిల్లా లేదు. వచ్చింది కవి స్నేహితుడు డాండెలియన్. మంచివాడే, కబుర్లు చెప్పాడు. కానీ ఎవరో వచ్చారని తెలియగానే నేను ఎదురుచూసింది అతని కోసం కాదు.

2020 లాక్‌డౌన్‌లో రెండోసారి మొదలుపెట్టాను, ఈసారి గైడ్ పక్కన పెట్టుకుని. ఏ మాటకి ఏ ఫలితమో ముందే చూసుకుని నొక్కాను. సిరి బతికింది. చక్రవర్తికి కూతురు చనిపోయిందని గెరాల్ట్ అబద్ధం చెప్తాడు. గేమ్ మొదట్లో అడుగుపెట్టిన ఊళ్లోని అదే సత్రంలో ఆమె చేతికి జిరాయెల్ అని పేరు చెక్కిన వెండి కత్తి ఇస్తాడు. సంతోషించానా? సంతోషించాను. కాకపోతే చిట్టీ పెట్టి రాసిన పరీక్ష పాసైనట్టుంది. మంచు ఉండలు విసురుతున్నప్పుడు కూడా సరైన బటనే నొక్కానా అన్న టెన్షనే. నన్ను నవ్వించాల్సిన ఆట నాకు పాయింటుగా కనపడింది. ఇది గేమ్ తప్పా, నా తప్పా అంటే సగం సగం.

అయితే గైడ్ చూడని విషయం ఒకటి మిగిలింది. గెరాల్ట్ ప్రేమించగల మంత్రగత్తెలు ఇద్దరున్నారు. ట్రిస్‌కీ మాటిచ్చాను, యెన్నెఫర్‌కీ మాటిచ్చాను. ఇద్దరూ కలిసి గెరాల్ట్‌ని మంచానికి కట్టేసి వెళ్లిపోయారు. బుద్ధొచ్చింది, ఆ సేవ్‌లో ఇక ఎవరూ లేరు. మళ్లీ టూసాంట్ వెళ్లి, ఇల్లు బాగుచేయించి, ఎవరో వచ్చారంటే ఎవడో డాండెలియనే కదా అని బయటికి నడిచాను. సిరి. తోటలో, కత్తి తగిలించుకుని. ఆ ఇద్దరిలో ఎవరైనా ఉండుంటే ఆ రోజు వాళ్లే వచ్చేవాళ్లట. నా కక్కుర్తి వల్ల కూతురొచ్చింది. ఇది ఎవరి దగ్గరా కాపీ కొట్టింది కాదు. నేను నిజంగా కుర్చీలోంచి లేచి నిలబడ్డది ఈ ఒక్కసారే.

మూడోసారి, 2022 డిసెంబర్‌లో వచ్చిన కొత్త అప్‌డేట్ తర్వాత, సిరిని మహారాణిని చేశాను. చాలామందికి అదే సుఖాంతం. నాకు మాత్రం అప్పగింతల్లా ఉంది. అన్నీ బాగానే జరిగాయి, గొప్పింటికే పంపాం, అయినా తండ్రి కళ్లు ఆగవు. బాలేదనను. రెండోసారి చూడలేను.

ఇదే స్టూడియో చేసిన సైబర్‌పంక్ 2077కి 2023లో ‘ఫాంటమ్ లిబర్టీ’ కొనసాగింపు వచ్చింది. అందులో హీరో వి బతికే ముగింపు ఒకటి ఉంది. ఆపరేషన్ తర్వాత రెండేళ్లకి కళ్లు తెరుస్తాడు. పోరాటానికి ఒంట్లో అమర్చుకున్న యంత్రాలేవీ ఇక పనిచేయవు, స్నేహితులు ఎవరి దారి వాళ్లు చూసుకున్నారు. చివరికి జనంలో ఒకడై కలిసిపోతాడు. సుఖమే, బిల్లుతో సహా. ముప్పైల్లో ఆడుంటే నచ్చేది కాదేమో. ఇప్పుడు గుచ్చుకుంది, కానీ మోసం అనిపించలేదు. అయినా రెండింట్లో ఒకటి ఎంచుకోమంటే నేను ద్రాక్షతోటే అంటాను.

2024 డిసెంబర్‌లో నాలుగో విచర్ ట్రైలర్ వచ్చింది. అందులో సిరే వేటగత్తె. చూసి ఊపిరి పీల్చుకున్నాను, వెంటనే కాస్త ఉడుక్కున్నాను కూడా. మరి 2016లో రాత్రి రెండింటికి నేను పడ్డ బాధ ఏ లెక్కలోకి?

కొనాలా అని అడిగితే, సేల్‌లో రెండు కొనసాగింపులతో కలిపి దొరికితే కళ్లు మూసుకుని కొనండి. గైడ్ మాత్రం మొదటిసారికి వద్దు, ఏం పోగొట్టుకుంటారో పోగొట్టుకోండి. ఇంట్లో ఆడపిల్ల ఉన్న తండ్రులు వారాంతంలో ముగించేలా చూసుకోండి, తెల్లారితే ఆఫీసుంటుంది. పిల్లలు లేనివాళ్లకి ఇదంతా అతిగా అనిపించొచ్చు, నా తమ్ముడికి అనిపించింది. వాడు యెన్నెఫర్ కోసం ఆడాడు, హాయిగా ఉన్నాడు.

ఆ ఐదు ప్రశ్నల నుంచి నేనేమైనా నేర్చుకున్నానా అని మా ఆవిడ అడుగుతుంది. పోయినేడు మా అమ్మాయి సర్టిఫికెట్ వెరిఫికేషన్‌కి వెళ్లింది. నువ్వు బయట కూర్చో నాన్నా అంది. కూర్చున్నాను. ఫైలు నా చేతిలోనే ఉండిపోయింది.