శాన్ హోజేలో కుక్క కాటు పరిహార కేసు: ఒక న్యాయవాద కార్యాలయం సేవలపై సమీక్ష

విజిటర్ వీసాపై మా వద్దకు వచ్చిన మా అత్తగారిని సాయంత్రపు నడకలో పక్క వీధివారి పెంపుడు కుక్క పిక్కపై లోతుగా కరిచింది. పరిహారం కోసం శాన్ హోజేలో ఇటువంటి కేసులు చూసే ఒక చిన్న న్యాయవాద కార్యాలయాన్ని ఆశ్రయించాము.

మొదటి సంప్రదింపుకు రుసుము తీసుకోలేదు. కాలిఫోర్నియా సివిల్ కోడ్ 3342వ సెక్షన్ ప్రకారం, బహిరంగ స్థలంలో గాని, చట్టబద్ధంగా ప్రవేశించిన ప్రైవేటు స్థలంలో గాని కుక్క కరిస్తే, అది అంతకు ముందు ఎవరినీ కరవకపోయినా యజమానిదే బాధ్యత అనీ, దావాకు సాధారణంగా 2 సంవత్సరాల గడువు ఉంటుందనీ న్యాయవాది ఓపికగా వివరించారు. సందర్శకురాలికి ఈ హక్కు వర్తిస్తుందా అన్న మా సందేహానికి, వీసాతో దీనికి సంబంధం లేదని స్పష్టంగా చెప్పారు. ఇరుగుపొరుగుతో తగవెందుకని అత్తగారు వెనుకాడారు గాని, సొమ్ము సాధారణంగా యజమాని గృహ బీమా నుంచే వస్తుందని తెలిశాక ఒప్పుకున్నారు. జరిగినది నా నోట కాక ఆమె నోటనే వినాలని న్యాయవాది తెలుగు దుభాషిని ఏర్పాటు చేయడం నాకు బాగా నచ్చింది. అవతలి బీమా సంస్థ ఫోన్ చేస్తే రికార్డు చేసే వాంగ్మూలం ఇవ్వవద్దన్న హెచ్చరిక కూడా సమయానికి అందింది.

లోపమంతా లెక్కల దగ్గరే ఉంది. దావాకు ముందే రాజీ కుదిరితే పరిహారంలో మూడో వంతు, దావా వేస్తే 40 శాతం రుసుమని ఒప్పందపత్రంలో ఉంది; అయితే ఆ వాటాను ఖర్చులు మినహాయించక ముందే మొత్తంపై లెక్కిస్తారని మేము అడిగితే గాని వివరించలేదు. చికిత్సకు చెల్లించిన ప్రయాణ బీమా సంస్థ తన సొమ్మును పరిహారం నుంచి తిరిగి కోరవచ్చన్న సంగతి చివరిలో చెప్పారు. ఫోన్ చేసినప్పుడల్లా సహాయకురాలే పలికేవారు. ఆమె మర్యాదస్తురాలే గాని, నిర్ణయాలు ఆమె చేతిలో లేవు.

మచ్చ మిగిలే గాయానికి ఈ సేవ తగినదే. పైపైన గీరుకుపోయిన గాయమైతే, న్యాయవాది లేకుండా 12,500 డాలర్ల వరకు కోరుకోగల స్మాల్ క్లెయిమ్స్ కోర్టు మేలు. ఈ కార్యాలయానికి వెళ్లేవారు రుసుము ఏ మొత్తంపై లెక్కిస్తారో, బీమా సంస్థకు తిరిగి చెల్లించవలసినదాన్ని తగ్గించేందుకు ఎవరు మాట్లాడతారో సంతకానికి ముందే రాయించుకోవాలి.