చెక్క పెట్టెలో పాముకు వెచ్చదనం: సిరామిక్ హీటర్ సెట్ ఎంతవరకు నమ్మొచ్చు?

సిరామిక్ హీటర్, దాన్ని పట్టి ఉంచే పింగాణీ హోల్డర్, హీటర్ చుట్టూ వేసే తీగ జాలీ, వేడిని అదుపులో ఉంచే పల్స్ థర్మోస్టాట్. ఈ నాలుగూ కలిపి ఒకే సెట్‌గా దొరుకుతాయి. నాలుగడుగుల పొడవు, రెండేసి అడుగుల వెడల్పు, ఎత్తు ఉన్న చెక్క పెట్టెలో బాల్ పైథాన్‌నో, ఎదిగిన కార్న్ స్నేక్‌నో పెంచేవారికి ఇది మంచి ఎంపికే. కానీ డబ్బాలోంచి తీసింది తీసినట్టు బిగించి వదిలేసే వస్తువు కాదు.

సెట్‌లో అసలు విలువ థర్మోస్టాట్‌దే. సిరామిక్ హీటర్ వెలుతురు ఇవ్వదు కాబట్టి రాత్రింబవళ్లు వాడుకోవచ్చు. అయితే దాని ఒంటి వేడి 200 డిగ్రీలు దాటుతుంది, ఆపేశాక కూడా చాలాసేపు కాలుతూనే ఉంటుంది. అందుకే మామూలు ఆన్-ఆఫ్ థర్మోస్టాట్ దీనికి సరిగ్గా కుదరదు. అది కరెంటు ఆపేటప్పటికే హీటర్‌లో బోలెడు వేడి నిల్వ ఉంటుంది, పెట్టె నాలుగైదు డిగ్రీలు ఎక్కువకు పోయి మళ్లీ కిందికి దిగుతుంది. పల్స్ రకం కరెంటును చిన్న చిన్న విడతలుగా వదులుతుంది కనుక వేడి దాదాపు ఒకే చోట నిలుస్తుంది. దీనికి బల్బు మాత్రం తగిలించకండి, ఆగకుండా మిణుకుమిణుకుమంటుంది. బల్బుకు డిమ్మింగ్ థర్మోస్టాట్ కావాలి.

వాట్లు ఎక్కువుంటే మంచిదనుకోవడం ఇక్కడ ప్రమాదకరం. పల్స్ థర్మోస్టాట్‌లో కరెంటును నియంత్రించే ట్రయాక్ పాడైతే తరచు షార్ట్ అవుతుంది, అంటే హీటర్ ఆగకుండా పూర్తి వేడితో నడుస్తూనే ఉంటుంది. గది 20-22 డిగ్రీలుండే చోట నాలుగడుగుల పెట్టెకు సాధారణంగా 100 వాట్లు చాలు, మూడడుగులదానికి 60 చాలు. ఆ నాలుగడుగుల పెట్టెలోనే 150 వాట్లది పెడితే, థర్మోస్టాట్ చెడిన రోజు పాము ఉడికిపోతుంది. మామూలు రోజుల్లో హీటర్ సగానికి పైగా సమయం పని చేస్తూ కనిపిస్తే వాట్లు సరిపోయినట్టే. సెట్‌లో లేని ఒక వస్తువును వేరుగా కొనమని గట్టిగా చెబుతాం: మామూలు రిలే (ఆన్-ఆఫ్) థర్మోస్టాట్ ఒకటి. గోడ ప్లగ్గుకూ పల్స్ థర్మోస్టాట్‌కూ మధ్య దాన్ని కలిపి, 4 డిగ్రీలు ఎక్కువకు సెట్ చేసి ఉంచండి. మొదటిది చేతులెత్తేస్తే రెండోది కరెంటు కట్ చేస్తుంది. ఈఎల్‌సీబీ (కరెంటు లీకైతే సరఫరా ఆపేసే స్విచ్) ఉన్న లైనులోంచే తీసుకోండి.

హోల్డర్ పింగాణీదే కావడం బాగుంది, ప్లాస్టిక్‌దైతే కరుగుతుంది. లోటు దాని బిగింపులో ఉంది. పెట్టె పైకప్పుకు ఆనించి స్క్రూ చేసేలా ఇచ్చారు. అలా చేస్తే వేడి నేరుగా చెక్కకు ఎక్కి, నెలలు గడిచేకొద్దీ ఆ చోట చెక్క ఎండి, రంగు మారి, నల్లబడుతుంది. లోహపు బ్రాకెట్ వేసి కొన్ని సెంటీమీటర్ల ఖాళీ వదలండి. రెండు గంటలు నడిచాక పైకప్పు పైభాగాన చెయ్యి పెట్టి చూడండి, పది సెకన్లు ఉంచలేకపోతే ఖాళీ పెంచాలి. హోల్డర్ దగ్గరి తీగ సిలికాన్ తొడుగున్నది కావాలి, మామూలు పీవీసీ తొడుగు ఆ కాకకు పెళుసుబారి చిట్లుతుంది. పెట్టెకు వేసిన వార్నిష్ వాసన పూర్తిగా పోయాకే హీటర్ వెలిగించండి.

ఇక జాలీ. పాములు పైకెక్కి దానికి చుట్టుకుంటాయి, అది తప్పదు. పాముకు ఒళ్లు కాలుతున్నా వెంటనే పక్కకు జరగదు, కాబట్టి తీగకూ హీటర్‌కూ మధ్య దూరమే దాని చర్మాన్ని కాపాడుతుంది. ఈ జాలీ అడుగున దూరం బాగానే ఉంది, పక్కలే ఇరుకు. పైఅంచుకూ కప్పుకూ మధ్య వేలు దూరేంత సందున్నా తల దూర్చి లోపలికి పోతుంది. వాషర్లు వేసి నాలుగు మూలలా బిగించండి. పిల్ల పాములకు ఈ కన్నాలు మరీ పెద్దవి, వాటికి ఈ సెట్ వద్దు.

థర్మోస్టాట్‌కు వేడిని కొలిచి చెప్పే తీగ కొనను, అంటే ప్రోబ్‌ను, టేపుతో అంటించకండి. ఊడిన టేపు పొలుసులకు అతుక్కుంటే చర్మం చిరుగుతుంది. వేడి వైపు గోడకు, నేల నుంచి 5 సెంటీమీటర్ల ఎత్తున స్క్రూ క్లిప్పుతో బిగించండి. నేల మీద వదిలేస్తే పాము దాని మీద పడుకుని వేడి తగలకుండా అడ్డుపడుతుంది, నీళ్లలో పడితే తడి ఆరుతూ తక్కువ చూపిస్తుంది. రెండు సందర్భాల్లోనూ హీటర్ ఆగకుండా వేడెక్కిస్తుంది. డయల్ మీది అంకెలను నమ్మకుండా, హీటర్ కింద విడిగా డిజిటల్ థర్మామీటర్ పెట్టి డయల్ తిప్పుకోండి. బాల్ పైథాన్‌కు వేడి వైపు 31-33, చల్లని వైపు 24-26 డిగ్రీలు ఉండాలి. కార్న్ స్నేక్‌కు 29-31, 22-24. పాము లేకుండా 48 గంటలు నడిపి, రెండు వైపులా ఈ అంకెలు నిలిచాకే లోపల వదలండి.

దీనికి బదులు హీట్ మ్యాట్ (కింద పరిచే పలుచని వేడి పట్టా) తీసుకోవచ్చా అంటే, చెక్క పెట్టెకు వద్దు. చెక్క వేడిని పైకి పోనివ్వదు, కింద పెడితే వేడంతా మ్యాట్ దగ్గరే పోగవుతుంది. లోపల పెట్టి పైన మందంగా పొట్టు వేసినా అంతే, పాము తవ్వుకుని దాని మీదికి చేరితే పొట్ట కాలుతుంది. కప్పుకు సమంగా అతుక్కుని కిందికి వేడినిచ్చే పలక, అంటే రేడియంట్ ప్యానెల్ మాత్రం దీనికంటే మెరుగు. చుట్టుకోవడానికి పాముకు పట్టు దొరకదు, ఉపరితలం వేడి చాలా తక్కువ, మామూలుగా జాలీ అక్కర్లేదు. ఖరీదు ఎక్కువైనా, రెండడుగుల కంటే ఎత్తు తక్కువున్న పెట్టెకు ప్యానెల్‌నే సూచిస్తాం, అక్కడ సిరామిక్ పాము వీపుకు మరీ దగ్గరవుతుంది.

సిరామిక్ గాలిని బాగా ఎండబెడుతుంది. నీళ్ల గిన్నె పెద్దది పెట్టండి, కానీ హీటర్ కింద కాదు. వేడి సిరామిక్ మీద చల్లటి నీళ్లు చిందితే అది పగులుతుంది.