44 వేల కిలోమీటర్ల తర్వాత: న్యూట్రల్ పడని బండి, నేను పోసిన ఆయిల్

2022లో ఈ ఆయిల్ గురించి రాసినప్పుడు "గేర్లు వెన్నలా పడుతున్నాయి" అన్నాను. ఆ మాట అబద్ధం కాదు. కాకపోతే అప్పటికి ఆ ఆయిల్‌తో నేను నడిపింది 1,500 కిలోమీటర్లే. ఇప్పుడు మీటర్ 44,000 దాటింది. మధ్యలో ఒక ఏడాది పాటు ఆ ఆయిల్‌నే తిట్టుకున్నాను. అందుకే మళ్లీ రాస్తున్నాను.

బండి 150 సీసీ, ఐదు గేర్లు, 2019లో కొన్నది. ఆయిల్ 10డబ్ల్యూ-40 సెమీ సింథటిక్ (ఆ అంకెలు చిక్కదనం చెప్పేవి), జాసో ఎంఏ2 గ్రేడ్, అంటే బైకు క్లచ్‌కి సరిపడే ఆయిల్ అని తెలిపే ముద్ర. మాన్యువల్‌లో రాసిందీ అదే. మైలేజీ, పికప్ సంగతులు అందరూ రాశారు, నేను వాటి జోలికి పోను. నాకు కావలసింది ఒక్కటే, సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు న్యూట్రల్ పడాలి.

నేను ఉండేది బెంగళూరు మారతహళ్లిలో, ఆఫీసు ఎలక్ట్రానిక్ సిటీలో. ఒకవైపు సుమారు 20 కిలోమీటర్లు, మధ్యలో సిల్క్ బోర్డ్. ఆ జంక్షన్ దగ్గర సాయంత్రం పూట బండి నడపడం అంటే నాలుగడుగులు కదలడం, ఆగడం, మళ్లీ నాలుగడుగులు. న్యూట్రల్ పడకపోతే ఆగినంతసేపూ క్లచ్ నొక్కి పట్టుకోవాల్సిందే. ఎడమ చేతి మణికట్టు దగ్గర మొదలైన నొప్పి మోచేతి దాకా పాకుతుంది. మొదటి గేర్‌లోంచి కాలితో పైకి లేపితే రెండో గేర్ పడేది, కిందికి నొక్కితే మళ్లీ మొదటిది. న్యూట్రల్ పడితే మీటర్‌లో వెలిగే పచ్చ లైటు వెలిగేదే కాదు. చివరికి ఒక అలవాటు చేసుకున్నాను. కిల్ స్విచ్‌తో ఇంజన్ ఆపేయడం, అప్పుడు న్యూట్రల్ వేయడం, మళ్లీ సెల్ఫ్ కొట్టడం. ప్రతి సిగ్నల్‌కీ ఇదే పని. ఇంజన్ ఆపగానే న్యూట్రల్ ఎందుకంత సులువుగా పడుతోంది అని ఒక్కసారి ఆలోచించి ఉంటే నాకు ఏడాది కష్టం తప్పేది.

2023 అక్టోబర్‌లో ఒక సాయంత్రం వాన. ఇబ్బలూరు దాటేసరికే ముప్పావు గంట పట్టింది. క్లచ్ పూర్తిగా నొక్కి ఉంచినా బండి మెల్లగా ముందుకు లాగుతోంది. ముందున్న ఆటోకి తగలకుండా బ్రేక్ నొక్కితే ఇంజన్ ఆగిపోయింది. మళ్లీ స్టార్ట్ చేయడం, మళ్లీ ఆగిపోవడం. ఆరోసారికి బ్యాటరీ చేతులెత్తేసింది. వెనక బస్సు హారన్, కింద నీళ్లు. బండిని సర్వీస్ రోడ్డులోకి తోసుకుంటూ వెళ్లి, ఒక టీ బండి పక్కన నిలబెట్టాను. ఆ రాత్రి బండి అమ్మేద్దామనే అనుకున్నాను.

మర్నాడు ఒక సర్వీస్ సెంటర్‌కి తీసుకెళ్లాను. ఐదు నిమిషాలు నడిపి చూసి, గేర్‌బాక్స్ విప్పాలి, లోపల గేర్లను జరిపే షిఫ్ట్ ఫోర్క్ వంగినట్టుంది, 9 వేల దాకా అవుతుంది అన్నారు. బండిని అక్కడ వదిలిపెట్టడానికి మనసు ఒప్పలేదు. మా వీధి చివర ఉన్న ఇంకో మెకానిక్, "బండి పాతబడింది, పల్చటి ఆయిల్ ఆగదు, చిక్కటిది పోద్దాం" అని 20డబ్ల్యూ-50 పోశాడు. అప్పటికి నా అనుమానం కూడా ఆయిల్ మీదే కాబట్టి సరేనన్నాను. దాంతో ఉదయం పూట పరిస్థితి ఇంకా పాడైంది. చల్లటి ఇంజన్ స్టార్ట్ చేసి, క్లచ్ నొక్కి మొదటి గేర్ వేస్తే దభీమని శబ్దం, బండి ముందుకో దూకు దూకి ఆగిపోయేది. క్లచ్ ప్లేట్ల మధ్య ఆయిల్ ఎంత చిక్కగా ఉంటే అవి అంతగా అతుక్కుంటాయి, విడిపోవడానికి అంత సమయం పడుతుంది. డిసెంబర్‌లో బెంగళూరు చలికి ఇది రోజూ కనిపించేది.

ఆఫీసులో ఒకరు చెబితే మున్నేకొళాలలో ఒక షెడ్‌కి వెళ్లాను. నడిపేది హిందూపురం వైపు పెద్దాయన. మాది కదిరి అనగానే ముఖం వికసించింది. కథంతా విన్నాడు కానీ స్పానర్ ముట్టుకోలేదు. "ఇంజన్ ఆపి గేర్లు వేసి చూపించు సామీ" అన్నాడు. ఐదూ పడ్డాయి, న్యూట్రల్ కూడా చక్కగా పడింది. తర్వాత బండిని సెంటర్ స్టాండ్ మీద నిలబెట్టి స్టార్ట్ చేసి, క్లచ్ నొక్కి మొదటి గేర్ వేశాడు. వెనక చక్రం గిర్రున తిరిగింది. కొంచెం తిరగడం మామూలేనట, ఆయిల్ జిగట వల్ల ఏ బండికైనా తిరుగుతుంది, బ్రేక్ తాకగానే ఆగిపోవాలి. నా బండికి బ్రేక్ తాకిస్తే ఇంజన్ గొంతు పడిపోయింది.

"గేర్‌బాక్స్‌కి ఏం రోగం లేదు. రోగముంటే ఇంజన్ ఆపినా న్యూట్రల్ పడదు. నీ క్లచ్ పూర్తిగా విడవడంలేదు, అంతే" అన్నాడు.

క్లచ్ లివర్ దగ్గర రబ్బరు వెనక్కి లాగి చూపించాడు. క్లచ్ వైర్‌లో నాలుగు పోగులు తెగి ఉన్నాయి. మిగిలినవి సాగిపోయాయి. చాలా బళ్లకు లివర్ కొన దగ్గర 10 నుంచి 20 మిల్లీమీటర్ల లూజు ఉండాలి. నాది దాదాపు మూడో వంతు దూరం ఊరికే కదులుతోంది, ఆ తర్వాతే క్లచ్ లాగడం మొదలవుతోంది. రోజుకింత చొప్పున సాగింది కాబట్టి నా చెయ్యి అలవాటు పడిపోయింది, నాకు తెలియనే లేదు. ట్రాఫిక్‌లో హాఫ్ క్లచ్ మీద నడిపి నడిపి ప్లేట్లు వేడెక్కుతాయి, కాస్త ఉబ్బుతాయి. విడదీయడానికి లివర్ ఇచ్చే ఎడం అసలే తక్కువ, అదీ చాలదు. సిల్క్ బోర్డ్‌లోనే న్యూట్రల్ పోయి, ఆదివారం ఖాళీ రోడ్డు మీద బాగానే పడటానికి కారణం అదన్నమాట. పైగా న్యూట్రల్ పడలేదని క్లచ్ నొక్కి పట్టుకుంటే వైర్ ఇంకా సాగుతుంది. సాగిన కొద్దీ న్యూట్రల్ ఇంకా పడదు.

ఆయిల్ కూడా మార్చేయండి అన్నాను. వద్దన్నాడు. "ముందు వైర్ ఒక్కటే మారుద్దాం. రెండూ ఒకేసారి మారిస్తే ఏది పనిచేసిందో నీకూ తెలీదు, నాకూ తెలీదు. వారం నడిపి రా." ఆ మాట కోసమే నేను ఇంకా ఆ షెడ్‌కే వెళ్తున్నాను. వైర్‌కి, పనికి కలిపి 350 తీసుకున్నాడు.

ఆ సాయంత్రం సిల్క్ బోర్డ్ దగ్గర బొటనవేలితో ఇలా తాకించానో లేదో పచ్చ లైటు వెలిగింది. చెయ్యి వదిలేసి కూర్చున్నాను. ఎంత సంతోషం వేసిందో చెప్పలేను. ఆ సిగ్నల్ పడినంతసేపూ ఆ లైటునే చూస్తూ ఉన్నాను.

ఇక అసలు విషయం, ఆయిల్. వారం రోజులూ 20డబ్ల్యూ-50తోనే నడిపాను. వేడెక్కాక న్యూట్రల్ ప్రతిసారీ పడింది. ఉదయం దూకుడు మాత్రం తగ్గలేదు. తర్వాత పాత 10డబ్ల్యూ-40కి మారాక అదీ పోయింది. అంటే నా కష్టంలో ముప్పాతిక వంతు వైర్‌ది, పావు వంతు ఆ చిక్కటి ఆయిల్‌ది. 2022లో వెన్న అన్నప్పుడు వైర్ కొత్తగా ఉండేది. ఆ పొగడ్తలో కొంత వాటా దానికి దక్కాలి.

ఆయిల్‌కి దక్కాల్సింది దానికీ ఉంది. మొదటి 2,000 కిలోమీటర్లు రెండు నుంచి మూడుకి మారేటప్పుడు కాలికి ఏమీ తెలియదు. 2,200 దాటాక కాస్త గరుకు మొదలవుతుంది, 3,000 దగ్గర గట్టిగా నొక్కాల్సి వస్తుంది. మన బళ్లలో ఇంజన్‌కీ, క్లచ్‌కీ, గేర్లకీ ఒకటే ఆయిల్. వేడిలో మరీ పల్చబడకుండా అందులో కలిపే పాలిమర్లను గేర్ల పళ్లు నలిపి తుంచేస్తాయి. కారు ఇంజన్‌లో ఆ బాధ లేదు, దాని గేర్‌బాక్స్‌కి వేరే ఆయిల్. అందుకే మాన్యువల్ 5,000 అన్నా నేను 3,000కే మార్చేస్తున్నాను. ఇదే బండి ఉన్న నా స్నేహితుడు వారంలో నాలుగు రోజులు తుమకూరు హైవే మీద తిరుగుతాడు. అతనికి 5,000 దాకా ఏ గరుకూ లేదు. కాబట్టి నా లెక్క మీకు సరిపోవాలని లేదు.

ఫుల్ సింథటిక్ కూడా ఒకసారి పోసి చూశాను. ధర దాదాపు రెట్టింపు. గేర్ల నునుపు 3,500 దాకా నిలిచింది. న్యూట్రల్ విషయంలో మాత్రం నాకు తేడా తెలియలేదు. నెలకోసారి కదిరికి వెళ్లేటప్పుడు, కొడికొండ చెక్‌పోస్ట్ దాటాక ఖాళీ రోడ్డు మీద ఇంజన్ శబ్దం కొంచెం తగ్గినట్టు అనిపించింది, అంతకుమించి చెప్పలేను. నాకు సెమీ సింథటిక్ చాలు. వారంవారం దూరం వెళ్లేవాళ్లు ఇంకోలా ఆలోచించవచ్చు.

ఒక్క విషయంలో మాత్రం రాజీ పడకండి. డబ్బా వెనక జాసో ఎంఏ లేదా ఎంఏ2 అని ఉందో లేదో చూడండి, మీ మాన్యువల్ చెప్పిన గ్రేడే తీసుకోండి. మా తమ్ముడు కారుకి పోయగా మిగిలిన 5డబ్ల్యూ-30 తన బైకులో పోసేశాడు. హెబ్బాళ ఫ్లైఓవర్ ఎక్కుతుంటే ఇంజన్ అరుపు పెరిగింది, బండి వేగం పెరగలేదు. కారు ఆయిల్‌లో రాపిడి తగ్గించే మందు కలిపి ఉండవచ్చు, ఆయిల్‌లో మునిగి ఉండే మన క్లచ్‌కి ఆ రాపిడే ప్రాణం. నా కష్టం క్లచ్ విడవకపోవడం, వాడిది క్లచ్ పట్టకపోవడం. రెండుసార్లు ఆయిల్ మార్చాక దారికొచ్చింది, ప్లేట్లు మార్చే పని తప్పింది. ఆర్‌ఎక్స్ 100 లాంటి టూ స్ట్రోక్ బళ్లున్నవాళ్ల సంగతి వేరు, వాటికి గేర్ ఆయిల్ విడిగా ఉంటుంది.

ఇప్పటికీ ఉదయం మొదటి గేర్ వేస్తే "టక్" మని శబ్దం వస్తుంది. అది ఉండేదేనట, నేనూ పట్టించుకోవడం మానేశాను. ఆయిల్ మార్చిన ప్రతిసారీ లివర్ లూజు స్కేలుతో కొలుస్తున్నాను, వైర్‌లో రెండు చుక్కల నూనె వేస్తున్నాను. సీటు కింద టూల్‌కిట్ పక్కన కొత్త క్లచ్ వైర్ ఒకటి చుట్టి పెట్టుకున్నాను.